మూతి మీద కుక్కర్, లోపల మంచం

ఆ శుక్రవారం పొద్దున ఏడున్నరకు జగిత్యాల బస్టాండులో కోరుట్ల బస్సు ఎక్కినప్పుడు నా దగ్గర ఒక ఖాళీ సంచీ, ఒక టిఫిన్ డబ్బా తప్ప సామాను లేదు. సంచీ మాస్కులు తేవడానికి. డబ్బాలో చపాతీలు. బయట తింటే కరోనా వస్తుందని మా పక్కింటావిడ చెప్పి, తనే చేసి కట్టించింది. చేసేటప్పుడు ఆమె రెండుసార్లు తుమ్మింది, ఆ మాట వేరే.

కరోనా మన దాకా రాదని మా వీధివాళ్లంతా తేల్చేసిన వారానికే బడులు మూశారు, సినిమా హాళ్లు మూశారు. నేను ప్రైవేటు బడిలో తెలుగు పంతులమ్మను. ఉన్నట్టుండి చేతిలో పని లేకుండా పోయి, ఇంట్లో కూర్చుని టీవీని తిడుతున్న సమయంలో మా అక్క కూతురు స్వప్న ఫోన్ చేసింది. ఆమె కోరుట్లలో ఆశా వర్కరు. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లకు ఎడమ చేతి మీద ముద్ర కొట్టి ఇళ్లకు పంపుతున్న రోజులవి. వాళ్లు ఇల్లు కదలకుండా ఉన్నారా, జ్వరం ఏమైనా వచ్చిందా అని గడప గడపా తిరిగి చూడటం ఆమె పని. కోరుట్లలో గల్ఫ్ మనిషి లేని గల్లీ ఉండదు కాబట్టి ఆమెకు పని కరువు కూడా లేదు.

"చిన్నమ్మా, మాస్కు లేకుంట ఎవలింటికీ పోవద్దంటున్నరు. మాస్కులు మాత్రం ఇస్తలేరు. మెడికల్ షాపుల అడిగితే నవ్వుతున్నరు," అంది.

"మీ నాయిన సిరిసిల్లల తాన్లకు తాన్లు గుడ్డ నేస్తడు. నీకు జానెడు గుడ్డ దొరుకతలేదా?"

"ఫోన్ చేస్తే కొలువు ఇడిసిపెట్టి ఇంటికి రమ్మంటున్నడు. నువ్వే పోయి చెప్పు. కానీ ముందుగాల ఇటొచ్చి నా అవస్థ చూసి పో. ఒక్క ఇల్లున్నది, నాకు నిద్ర పడుతలేదు."

అందుకని నా ప్రయాణం జగిత్యాల నుంచి కోరుట్లకు, అక్కడి నుంచి సిరిసిల్లకు, మళ్లీ అదే దారిన వెనక్కు అని ఖాయమైంది.

బస్సులో సగం సీట్లు ఖాళీ. కండక్టరు ముక్కుకు తువ్వాలు చుట్టుకుని, టికెట్ మిషన్ చంకలో పెట్టుకుని, మెట్ల దగ్గరే నిలబడ్డాడు.

"టికెట్ల సంగతి తర్వాత. అందరు ఎడమ చేతులు సూపెట్టుండ్రి," అన్నాడు.

బడిలో హాజరు పలికినట్టు అందరం చేతులెత్తాం. మధ్య సీట్లో ఒక కొత్త పెళ్లికూతురు గోరింటాకు చెయ్యి ఎత్తితే దాన్ని అటూ ఇటూ తిప్పించి మరీ చూశాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. మూసిన బడికి నిన్న పిలిపించి నాచేత ప్రోగ్రెస్ కార్డుల మీద ముద్రలు కొట్టించారు. ఆ ఊదా సిరా మరక చేతి వెనక ఇంకా మిగిలి ఉంది.

"ఏంది మేడం గిది?"

"బడి ముద్ర."

"ఏ దేశం బడి?"

బస్సంతా నా వైపు తిరిగింది. నాకు ఒళ్లు మండింది. విమానాశ్రయం ముద్ర వారం రోజులు తోమినా పోదని అందరికీ తెలుసు కదా, ఇది పోతుందని చూపించి నోళ్లు మూయిద్దామని, బొటనవేలు నాలుకకు అద్దుకుని మరక మీద గట్టిగా రుద్దాను. మరక పోయింది. దాంతో పాటు నా చుట్టుపక్కల మూడు వరసల జనం కూడా లేచి వెనక్కు పోయారు.

"మేడం, ముద్రే నయముండె," అన్నాడు కండక్టరు, టికెట్టును చివర పట్టుకుని అందిస్తూ.

వెనక సీటులోంచి ఒక పసుపు రైతు మాత్రం కదల్లేదు. ఒళ్లో సంచీ, అందులో మార్కెట్‌కు నమూనాగా తీసుకెళ్తున్న పసుపు కొమ్ములు. "ఫోన్ల సూస్తే అందరు పసుపే మందంటున్నరు అక్కా. మార్కెట్ల సూస్తే అడిగెటోడు లేడు," అన్నాడు. నాకు ఒక కొమ్ము ఇచ్చి నమలమన్నాడు. నమిలాను. కోరుట్లలో దిగేసరికి నా పళ్లన్నీ పచ్చగా ఉన్నాయి.

బస్టాండు బయట స్వప్న ఎదురుచూస్తోంది. చున్నీని ముఖానికి మూడు చుట్లు చుట్టింది. కళ్లు మాత్రం కనిపిస్తున్నాయి, ఆ కళ్ల కింద నల్లటి చారలున్నాయి. ఇద్దరం చాయ్ తాగి ఆమె వార్డులోకి నడిచాం. చాయ్ బండివాడు కప్పులు వేడినీళ్లలో ముంచి తీస్తున్నాడు, చెయ్యి మాత్రం లుంగీకే తుడుచుకుంటున్నాడు.

వార్డులో కొన్ని తలుపులకు కాగితాలు అంటించి ఉన్నాయి. ఈ ఇంటికి ఎవరూ రాకండి, ఇందులో విదేశాల నుంచి వచ్చిన వ్యక్తి ఉన్నాడు అని. అంటించింది జాగ్రత్త కోసమే. కానీ కాగితం పడ్డ మర్నాటి నుంచి ఆ ఇంటికి పాలు రావు, పక్కింటి పలకరింపు రాదు. అందుకే స్వప్న కనిపిస్తే చాలు, తలుపులు వేసేస్తున్నారు. ఒక మేడ మీద ముద్ర చెయ్యితో ఒక కుర్రాడు నలుగురు దోస్తులతో క్యారమ్స్ ఆడుతున్నాడు.

"ఇల్లు కదలొద్దన్న గదా తమ్మీ!" అని కింది నుంచి అరిచింది స్వప్న.

"నేను కదల్లేదక్కా! వీళ్లే కదిలి అచ్చిండ్రు!" అన్నాడు వాడు. న్యాయంగా చూస్తే వాడి తప్పేమీ లేదు.

స్వప్నకు నిద్ర లేకుండా చేసిన ఇల్లు ఆ గల్లీ చివర ఉంది. రాజవ్వ అనే ముసలమ్మ గడపకు అడ్డంగా బీడీల చాట పెట్టుకుని కూర్చుంది. వేళ్లు బీడీలు చుడుతూనే ఉన్నాయి, కళ్లు మాత్రం మా మీదే. లోపలి గదికి బయటి నుంచి గొళ్లెం పెట్టి ఉంది. ఆ గదిలో ఆమె కొడుకు గంగాధర్ ఉన్నాడు. దుబాయి నుంచి వచ్చి పది రోజులు కాలేదు. లోపలి నుంచి దగ్గు వినిపించింది. మామూలు దగ్గు కాదు, పేగులు తెగేలా.

"పెద్దమ్మా, ఒక్కసారి జ్వరం సూసి పోత," అంది స్వప్న.

"ఎవలకు జ్వరం? నాకా? నాకు లేదు. దగ్గింది గా కోడి."

మరుక్షణమే ఆ కోడి లోపలి నుంచి "అవ్వా, నీళ్లు" అంది.

రాజవ్వ చాట పక్కన పెట్టి లేచింది. "ఇగో బిడ్డా, నువ్వు లోపలికి అస్తవు, రాస్తవు, రేపు నా తలుపుకు కాయితం అంటిస్తరు. కాయితమున్న ఇంటి బీడీలు కార్ఖానాల ఎవడు తీసుకుంటడు? నేనేం తినాలె? అయినా గీ కాయితాలు ఎందుకు అంటిస్తున్నరో నాకు తెల్వదా? మంచానికి ఓటేసిన ఇండ్లకే అంటిస్తున్నరు."

స్వప్న నన్ను పక్కకు లాగి విషయం చెప్పింది. మున్సిపల్ ఎన్నికలై రెండు నెలలైంది. ఈ వార్డులో ఇద్దరు స్వతంత్రులు పోటీ చేశారు. ఒకరిది కుక్కర్ గుర్తు, ఇంకొకరిది మంచం గుర్తు. మంచం మీద నిలబడింది రాజవ్వ మరిది కొడుకు. కుక్కర్ గెలిచింది. అప్పటి నుంచి కుక్కర్ గల్లీవాళ్లు మంచం గల్లీ కిరాణాలో ఉప్పు కూడా కొనరు. కరోనా అనేదే కుక్కర్ వాళ్లు పెట్టిన పుకారని, మంచం వాళ్లను ఇళ్లల్లో కూర్చోబెట్టడానికి చేసిన పన్నాగమని రాజవ్వ గట్టి నమ్మకం.

"ఆయిన పానం మీదికొస్తదేమోనని భయమైతంది చిన్నమ్మా. పోలీసోల్లను తీసుకపోతే ఎనక దర్వాజ నుంచి పొలంల దాస్తది. ముందుగాల నన్ను లోపలికి రానియ్యాలె. మాస్కుంటే మా నర్సు మేడం గూడ అస్తనన్నది," అంది.

పదకొండు దాటాక సిరిసిల్ల బస్సు దొరికింది. కథలాపూర్, రుద్రంగి, చందుర్తి మీదుగా వేములవాడ చేరి సిరిసిల్ల వెళ్తుంది. ఈ దారిన మీరు ఎప్పుడైనా వెళ్తే మార్చి నెలలో వెళ్లండి. రోడ్డు పక్క కళ్లాల్లో ఉడకబెట్టిన పసుపు ఆరబోసి ఉంటుంది, కిటికీలోంచి ఆ వాసన బస్సంతా నిండుతుంది. ఆ రోజు నా పక్కన ఒకాయన వేములవాడ రాజన్న గుళ్లో కోడెను కట్టే మొక్కు తీర్చడానికి బయల్దేరాడు. చందుర్తి దగ్గర ఎవరో ఫోన్ చేసి గుళ్లో దర్శనాలు బంద్ చేశారని చెప్పారు. ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"దేవునికి గూడ క్వారంటైనేనా?" అని అడిగాడు నన్ను.

"ఆయన చేతికి ముద్ర ఎవరు కొట్టారో మరి," అన్నాను. నవ్వుతాడనుకున్నా. నవ్వలేదు. వేములవాడలో దిగి, గుడి వైపు తిరిగి, రోడ్డు మీద నుంచే దండం పెట్టుకున్నాడు.

సిరిసిల్లలో దిగితే ముందు పలకరించేవి మనుషులు కాదు, సాంచాలు. మరమగ్గాలను మా వాళ్లు అలాగే అంటారు. ఆ చప్పుడు చెవిన పడితేనే నాకు పుట్టింటికి వచ్చినట్టు ఉంటుంది. ఆ మధ్యాహ్నం గల్లీలో సగం షెడ్ల నుంచి చప్పుడు రాలేదు. బొంబాయి నుంచి నూలు ఆగిపోయిందట.

మా బావ షెడ్డు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మాస్కుల మాట ఎత్తగానే భగ్గుమన్నాడు.

"మూతికి గుడ్డ ఇయ్యలేని సర్కారు నా బిడ్డను రోగపోల్ల ఇండ్లల్లకు ఎందుకు తోలుతంది మరదలా? కొలువు వద్దు, ఏమొద్దు. ఇంటికి రమ్మను."

"అది రాదు బావా. ఒకాయన జ్వరంతోటి లోపట పడున్నడు. ఆయిన ముచ్చట తేలకుంట అది నీ ఇంటికి రాదు. అచ్చినా అన్నం తినది."

బావ కుర్చీలోంచి లేచాడు. లోపలికి పోయి, కాళ్లూ చేతులూ కడుక్కొని వచ్చి, అన్నం పెట్టమన్నాడు. ఆ రోజు కోడికూర. కోడి తింటే కరోనా వస్తుందన్న పుకారుతో కోళ్లను అడిగే దిక్కు లేదు. అగ్గువకు దొరికిందని బావ మూడు కిలోలు తెచ్చాడు. అక్క వండింది గానీ ముట్టలేదు. తను తినకుండా మాకు మాత్రం కొసరి కొసరి వడ్డించింది. ఆమె ధైర్యం ఎవరి ప్రాణాల మీద ఆధారపడి ఉందో నాకు బాగా అర్థమైంది.

తిన్నాక బావ షెడ్డు వెనక గది తెరిచాడు. అక్కడ నూలు గుడ్డ ఒక్క మీటరు లేదు. మూలన రెండు మూటలు మాత్రం ఉన్నాయి. ఎన్నికలొస్తే కండువాలు, జెండాలు కుట్టేది సిరిసిల్లవాళ్లే, మా బావ అందులో ఘనుడు. ఒక మూట విప్పితే వంకాయ రంగు గుడ్డ. దాని నిండా అచ్చువేసిన కుక్కర్లు. రెండోది నిమ్మపండు రంగు. దాని నిండా మంచాలు.

"బావా, ఇవి కోరుట్లవేనా?"

"మరి ఎక్కడియి? స్వప్న ఉండే వార్డే. బిడ్డ చెప్పిందని ఇద్దరు నా దగ్గరికే అచ్చిండ్రు. ఒకడు ఓడిపోయి మొఖం సూపియ్యలే. ఇంకొకడు గెలిచి మొఖం సూపియ్యలే."

"ఇద్దరికీ నువ్వే కుట్టినవా?"

"సాంచకు ఓటు హక్కు లేదు మరదలా."

పక్కింటి ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. మూడు కుట్టు మిషన్లు వరసగా వేశారు. నాసిరకం ఎలక్షన్ గుడ్డ పలుచన, ఒక్క పొరతో లాభం లేదని రెండు పొరలు వేయమన్నాడు బావ. బయట కుక్కర్ గుడ్డ, లోపల మంచం గుడ్డ. గెలిచినవాళ్ల గుర్తు బయట ఉంటే ఎవరూ ఏమీ అనరని నాకు నచ్చజెప్పాడు. చెవులకు తగిలించడానికి నాడాలు కుట్టాడు. మూడో మిషన్ మీద కూర్చున్నది ఆయనే. కళ్లజోడు ముక్కు చివరికి జారుతుంటే, ఒక్కొక్క కుట్టు రెండుసార్లు తొక్కాడు. స్వప్న కోసమని ఒకటి విడిగా కుట్టి, దానికి అంచు కూడా వేశాడు. నేను చూశానని తెలిసి, ఆ మాస్కును మిగతావాటి కింద దాచేశాడు.

శనివారం పొద్దున ఎనిమిదింటి బస్సుకు నిండు సంచీతో ఎక్కాను. ఆదివారం ఎవరూ బయటికి రావద్దని టీవీలో చెప్పారు, బస్సులూ బందట. అందుకని ఈ రోజే అన్ని పనులూ చక్కబెట్టుకోవాలని జనం ఎగబడ్డారు. దూరం దూరంగా ఉండమన్నందుకు సన్మానం చేస్తున్నట్టు ఒకరి ఒళ్లో ఒకరు కూర్చున్నారు. నేను మాస్కు పెట్టుకున్నాను. నా ముక్కు మీద సరిగ్గా ఒక కుక్కర్ వచ్చింది. దాని విజిల్ రెండు కళ్ల మధ్యకు పొడుచుకొచ్చింది.

"మల్ల ఎలక్షన్లు అచ్చినయా మేడం?" అని అడిగాడు ముందు సీటు కుర్రాడు.

"కరోనా వచ్చింది."

"గది ఏ గుర్తు మీద నిలబడ్డది?"

పక్కనున్నాయన గొంతు తగ్గించి, మాస్కు ఒక్కటే ఇస్తున్నారా, దాంతో క్వార్టర్ కూడా ఉందా అని కనుక్కున్నాడు. లేదంటే, అయితే మా ఊరికి రావొద్దన్నాడు.

పన్నెండింటికల్లా కోరుట్లలో స్వప్న తోటి వర్కర్లు నన్ను చుట్టుముట్టారు. మాస్కుల మీద కుక్కర్లు చూసి ముందు కడుపుబ్బ నవ్వారు, తర్వాత అవే కట్టుకుని బయల్దేరారు. అంచున్న మాస్కు స్వప్నకు ఇచ్చి, మీ నాయిన కుట్టిండని చెప్పాను. ఆమె దాన్ని వెంటనే పెట్టుకోలేదు. అంచు మీది కుట్టును వేలితో తడిమి చూసి, ఆ తర్వాత కట్టుకుంది.

కుక్కర్ గల్లీల్లో మాకు రాజభోగం. తలుపులు బార్లా తెరిచారు, ఒక ఇంట్లో చాయ్ ఇచ్చారు. గల్లీ మలుపు తిరిగి మంచం వైపు వెళ్లగానే తలుపులు టపటపా పడ్డాయి. రాజవ్వ అయితే మమ్మల్ని చూసి చాట ఎత్తి నిలబడింది.

"నేను చెప్పలేదా? కుక్కరోల్లే పంపిండ్రు! మూతుల మీద గుర్తు కొట్టుకోని మరీ అచ్చిండ్రు! నా ఇంటికి కాయితం అంటించనీకి అచ్చిండ్రు!"

"పెద్దమ్మా, గది గుడ్డ మాత్రమే..." అని స్వప్న అనేలోపే తలుపు వేసి లోపల గడియ పెట్టింది. లోపల దగ్గు నిన్నటికంటే సన్నగా వినిపించింది. దగ్గే ఓపిక కూడా తగ్గిపోయినట్టుంది. స్వప్న ఆ తలుపు ముందు నిలబడి ఏడ్చింది. అంచున్న మాస్కు తడిసిపోయింది. నాకు బావ మీద, కుక్కర్ మీద, మంచం మీద, ఢిల్లీ మీద, హైదరాబాదు మీద, అందరి మీదా ఒకేసారి కోపం వచ్చింది.

ఎండ మండుతోంది. చెమట తుడుచుకుందామని నా మాస్కు తీశాను. తీసినప్పుడు దాని లోపలి వైపు నా వైపు తిరిగింది. నిమ్మపండు రంగు, దాని మీద ఒక మంచం.

నేను ఏమీ ఆలోచించలేదు. మాస్కు తిప్పి కట్టుకుని, ఇంటి వెనక్కి నడిచి, వెనక దర్వాజ కొట్టాను. డాక్టర్లు ఎవరైనా ఇది చదువుతుంటే నన్ను క్షమించాలి. మాస్కు తిప్పి కట్టకూడదని నాకు తెలుసు. కానీ ఆ వార్డు సంగతి డాక్టర్లకు తెలియదు.

రాజవ్వ దర్వాజ సందులోంచి చూసింది. "ఎవలు పంపిండ్రు నిన్ను?"

"కండ్లు కనబడ్తలేవా అవ్వా?" అని నా మూతి వైపు వేలు చూపించాను.

ఆమె దగ్గరకు వచ్చి, మంచాన్ని పరీక్షగా చూసింది. నాలుగు కోళ్లూ ఉన్నాయో లేదో లెక్కపెట్టినట్టుగా చూసింది. తర్వాత గడియ తీసింది.

నేను స్వప్నను పిలిచేసరికి ఆమె కూడా మాస్కు తిప్పేసింది. రాజవ్వ ఆమెను ఎగాదిగా చూసింది. "ఇందాక నీ మూతి మీద కుక్కరుండె గదా?"

"లోపటికి పోయింది పెద్దమ్మా," అంది స్వప్న, ముక్కు ఎగబీల్చి.

ఆ మాటకు రాజవ్వ మొహంలో ఏదో సడలింది. మమ్మల్ని తిట్టింది గానీ దారి మాత్రం వదిలింది. గొళ్లెం తీసి చూస్తే గంగాధర్ నేల మీద పడుకుని ఉన్నాడు. ఒళ్లు కాలిపోతోంది, పెదవులు పగిలిపోయాయి.

"మూడు రోజులైంది. దవాఖానకు తీసుకపొమ్మంటే అవ్వ ఇంటలేదు," అన్నాడు. "కుక్కరంటది, మంచమంటది. నేను ఓటే ఎయ్యలే అక్కా. నాకేం తెల్సు?"

స్వప్న తన మేడంకు ఫోన్ చేసింది. అంబులెన్సు వచ్చింది. వ్యోమగాముల్లా తెల్లటి బట్టలు కట్టుకున్న ఇద్దరు అతన్ని ఎక్కించారు. గల్లీ అంతా కిటికీల్లోంచి చూసింది. జగిత్యాల పెద్ద దవాఖానకు తీసుకెళ్తామని, వెంట ఎవరూ రాకూడదని చెప్పారు. రాజవ్వ అంబులెన్సు తలుపు పట్టుకుని వదల్లేదు. స్వప్న ఆమె వేళ్లను ఒక్కొక్కటిగా విడదీసి, నేనుంటా పెద్దమ్మా, నువ్వు ఇంట్లోనే ఉండు, రోజూ నేనే అన్నం తెస్తా అని మాట ఇచ్చి, ఒక మాస్కు చేతిలో పెట్టింది. ముసలమ్మ దాన్ని కొంగున ముడేసుకుంది.

ఆ మధ్యాహ్నం మిగిలిన ఇళ్లన్నీ అయిపోయాయి. గల్లీ మూల తిరిగినప్పుడల్లా ఆశా వర్కర్ల మూతుల మీద గుర్తులు తిరిగాయి. బావకు ఫోన్ చేసి అంతా చెప్పాను.

"రెండు దిక్కుల అక్కరకొస్తదనే కుట్టిన," అన్నాడు నింపాదిగా. "గా వార్డుల ఇద్దరికీ కండువాలమ్మినోన్ని. నాకు తెల్వదా? నా బిడ్డ పెట్టుకున్నదా, లేదా?"

పెట్టుకుందని చెప్పాను. ఆయన ఫోన్ పెట్టెయ్యడం మరిచి సాంచ దగ్గరికి పోయినట్టున్నాడు, దాని చప్పుడు వినిపించింది.

సాయంత్రం అయిదున్నరకు జగిత్యాల బస్సు. ఇదే చివరిదని కండక్టరు అరుస్తున్నాడు. ఒక్క ఆదివారానికే కదా అనుకున్నాం అందరం. ఆ బస్సు మళ్లీ రెండు నెలల దాకా రాదని ఆ రోజు ఎవరైనా చెప్పి ఉంటే, వాణ్ణి పుకార్లు పుట్టిస్తున్నాడని పోలీసులకు పట్టించేవాళ్లం. జనం చాలామంది దిగిపోయి బస్సు ఖాళీగా ఉంది. నేను వెనక సీటుకు వెళ్తే అక్కడ మూలన ఒక ముసలమ్మ కొంగు ముఖానికి కప్పుకుని ముడుచుకుని కూర్చుంది. ఒళ్లో సద్ది మూట. కొంగు జారింది. రాజవ్వ.

ఇంట్లో ఉండమన్నారు కదా అని అరవబోయి ఆగాను. నిజం చెప్పాలంటే నాకు భయమేసింది. ఆమె కొడుకు దగ్గుతో ఆ ఇంట్లో మూడు రోజులుంది. నేను అటు చివర కిటికీకి అతుక్కుపోయి, అద్దం పూర్తిగా తెరిచి, తల బయట పెట్టాను. కండక్టరుకు చెప్తే ఆమెను దారిలోనే దింపేస్తాడు. చెప్పకపోతే నాకు మనసు ఊరుకోవడం లేదు. చివరికి వెళ్లి, వెనక సీటులో ఇద్దరం ఆడవాళ్లం ఉన్నాం, అటు ఎవర్నీ పంపకు తమ్ముడూ అని మాత్రం చెప్పి వచ్చాను. సగం నిజం. ఆమె ఎవరో మాత్రం చెప్పలేదు.

మీకు ఇప్పుడే చెప్పేస్తాను, గంగాధర్‌కు తర్వాత టైఫాయిడ్ అని తేలింది. వారంలో లేచి తిరిగాడు. కానీ ఆ బస్సులో ఆ సంగతి నాకూ తెలియదు, ఆమెకూ తెలియదు. ఆమె పెదవులు ఏదో మొక్కుకుంటూ కదులుతున్నాయి.

ఈ రెండు రోజుల్లో నేను చూసిందేమిటని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో ఆలోచిస్తూ కూర్చున్నాను. రోగం ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు. అందుకే తెలిసిన భయాలన్నీ తెచ్చి దానికి తొడిగాం. కాగితం భయం, బీడీల భయం, ఓడిపోయిన భయం. నేను మాత్రం తక్కువ తిన్నానా, చేతి మీది సిరా కోసం బస్సులో ఉమ్మి రుద్దినదాన్ని.

జగిత్యాల దగ్గరపడుతుండగా రాజవ్వ కొంగు ముడి విప్పింది. మాస్కు తీసి రెండు వైపులా తిప్పి చూసుకుంది. మంచం ఒక వైపు, కుక్కర్ ఇంకో వైపు. తర్వాత నెమ్మదిగా కుక్కర్ బయటికి వచ్చేలా చెవులకు తగిలించుకుంది.

నేను ఉండబట్టలేక అడిగాను. "అవ్వా, గదేంది? మంచం లోపటికి పెట్టుకున్నవు?"

"సర్కారు దవాఖాన గదా బిడ్డా," అంది, నా వైపు చూడకుండా. "గెలిచినోల్ల మనిషి అనుకుంటే పిల్లగాన్ని జెర జల్ది సూస్తరేమో."

బస్సు బస్టాండులోకి మలుపు తిరిగింది. ఆమె సద్ది మూట చంకన పెట్టుకుని లేచింది. నన్ను చూసి, "సక్కగ కనబడుతుందా?" అని అడిగింది. ఒక నాడా వదులై మాస్కు పక్కకు జారింది, కుక్కర్ తలకిందులుగా వేలాడుతోంది.

నేను అటు చివరి నుంచి లేచి దగ్గరకు వెళ్లాను. నాడా బిగించి, కుక్కర్ ఆమె ముక్కు మీద నిటారుగా నిలబడేలా సర్ది, దవాఖాన దాకా ఆమె వెంట నడిచాను.